కమాను కన్నా కొలత ముద్దు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు, అందరిలాగే నేనూ పాత జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. రేకు పెట్టెలు, నీళ్ళ పప్పుచారు, కాస్మెటిక్ చార్జీల కోసం వార్డెన్ సార్ గది ముందు వరుస... ఇవన్నీ ప్రతి సంచికలోనూ వస్తూనే ఉన్నాయి. నాకంటే బాగా రాసేవాళ్ళు రాశారు. అందుకని నాకు తెలిసిన పని గురించి, దాంతోపాటు కమిటీ వారికి కాస్త కోపం తెప్పించే ఒక విషయం గురించి రాస్తున్నాను. పెద్దలు మన్నించాలి.

ఈసారి పూర్వ విద్యార్థుల చందాలతో హాస్టల్ ముందు కమాను కట్టించాలని ఎక్కువమంది అంటున్నారు. దాని పక్కన చలువరాతి పలక, పలక మీద చందాలిచ్చిన వారి పేర్లు. అందులో నా పేరూ ఉంటుందట. ఆ డబ్బులో కొంత తీసి, మోటార్‌సైకిల్ సస్పెన్షన్ కదలికను కొలిచి నమోదు చేసే పరికరం ఒకటి తయారు చేయించి, మన పిల్లల చేతిలో పెడదామన్నది నా అభిప్రాయం. ఈ మాట వాట్సాప్ గ్రూపులో అనగానే ఒక మిత్రుడు "హాస్టల్ పిల్లలకు రేసులు నేర్పుతావా?" అన్నాడు. ఇంకో పెద్దన్న "మేము ఐఏఎస్‌లను తయారు చేద్దామంటే నువ్వు మెకానిక్కులను తయారు చేద్దామంటావేం తమ్ముడూ" అన్నారు. అక్కడ జవాబు చెప్పలేదు. చెప్పినా పండగ శుభాకాంక్షల మధ్య కొట్టుకుపోయేది. ఇక్కడైతే అచ్చులో ఉంటుంది.

నేను మన హాస్టల్లో పదో తరగతి చదివి, ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు చేసి, అప్రెంటిస్‌గా చెన్నై వైపు వెళ్ళినవాణ్ణి. అక్కడే ఒక ద్విచక్ర వాహనాల కంపెనీలో టెస్టింగ్ విభాగంలో కుదురుకున్నాను. కొత్త బండ్ల ముందు ఫోర్కులకు, వెనక షాకబ్జర్లకు సెన్సర్లు కట్టడం, రైడరు తిప్పి తెచ్చాక పెట్టెలోంచి లెక్కలు దించడం, వాటిని గీతలుగా మార్చి ఇంజనీర్ల ముందు పెట్టడం నా పని. చెప్పుకోవడానికి చిన్న పనే. ఇరవై ఏళ్ళు దాటినా విసుగు పుట్టలేదు.

అసలు ఆ పరికరం ఏమిటో ముందు చెప్పాలి. బండి గుంతలో పడితే ఫోర్కు లోపలికి పోతుంది, మళ్ళీ బయటికి వస్తుంది. లోపలున్న స్ప్రింగు బరువు మోస్తుంది. ఆయిలు ఆ స్ప్రింగు ఊపును పట్టి ఆపుతుంది. ఆయిలు లేకపోతే బండి బంతిలా ఎగురుతూనే ఉంటుంది. ఈ రాకపోకలు ఎంత దూరం, ఎంత వేగంతో జరుగుతున్నాయో కంటికి అందదు. అందుకని ఫోర్కు పక్కనే ఒక సన్నటి కడ్డీలాంటి సెన్సరు కడతాం. ఒక కొస చక్రం దగ్గర, ఇంకో కొస హ్యాండిల్ కింద పై బిగింపు దగ్గర. ఫోర్కుతోపాటు అదీ ముడుచుకుంటుంది, సాగుతుంది. పాత రేడియోలో సౌండు తిప్పే బిర్ర తెలుసుగా, దాన్ని గుండ్రంగా కాకుండా నిలువుగా సాగదీస్తే అదే ఇది. కదిలినకొద్దీ వోల్టేజి మారుతుంది, మారిన వోల్టేజిని చిన్న కంప్యూటర్ బోర్డు అంకెగా మార్చి మెమరీ కార్డులో రాసుకుంటుంది. 150 మిల్లీమీటర్ల సెన్సరును 1024 మెట్లుగా చదివే బోర్డుకు కలిపితే ఒక్కో మెట్టు సుమారు 0.15 మిల్లీమీటరు. మన స్కూలు స్కేలు మీద అంత సన్నటి గీత ఎక్కడా లేదు.

సెకనుకు ఎన్నిసార్లు చదవాలన్నది ఇంకా ముఖ్యం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. సెకనుకు పదిసార్లే చదివితే ప్రతి రెండు లెక్కల మధ్యా మీటరుకు పైగా రోడ్డు జారిపోతుంది. అర మీటరు గుంత ఆ సందులో పడి మాయమైపోతుంది. రోడ్డు నున్నగా ఉందని కాగితం చెబుతుంది, నడుము వేరే చెబుతుంది. అదే సెకనుకు 200 సార్లు చదివితే ఐదారు సెంటీమీటర్లకు ఒక లెక్క పడుతుంది. పైగా మనిషితో సహా బండి పై భాగం సెకనుకు రెండు మూడుసార్లు ఊగితే, కింద చక్రం పది పదిహేనుసార్లు ఎగిరిపడగలదు. దాన్ని పట్టుకోవాలంటే అంతకు ఎన్నో రెట్లు వేగంగా చూడాలి. తొమ్మిదో తరగతిలో దూరం, కాలం, వేగం లెక్కలు "ఇవి ఎందుకు పనికొస్తాయి సార్" అని అడిగినవాళ్ళలో నేనూ ఉన్నాను.

దూరం దొరికాక వేగం దానంతటదే దొరుకుతుంది. వరుసగా రెండు లెక్కల మధ్య 2 మిల్లీమీటర్లు తేడా ఉంటే, అది సెకనులో 200వ వంతులో జరిగింది కాబట్టి, ఫోర్కు వేగం సెకనుకు 400 మిల్లీమీటర్లు. రైడరు బ్రేకు వేస్తే ఫోర్కు నెమ్మదిగా దిగుతుంది, రాయి తగిలితే దిగ్గున దిగుతుంది. రెండింటికీ ఆయిలు చూపే నిరోధం వేరు. ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ మెత్తగా ఉందన్నది ఆ వేగాలను కుప్పలుగా పోసి చూస్తేనే తేలుతుంది. ముడుచుకునే వైపు కుప్ప, తెరుచుకునే వైపు కుప్ప పక్కపక్కన పెట్టి చూసే గ్రాఫులే రేసు జట్ల దగ్గరా ఉంటాయి. పద్ధతి ఒక్కటే, ఖర్చులోనే తేడా.

రెండేళ్ళ కిందట సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు నా బ్యాచ్‌మేట్ ఒకడు తన బండి గోడు చెప్పాడు. వాడు పల్లెల్లో ఉత్తరాలు, పింఛన్లు పంచే తపాలా ఉద్యోగి. రోజూ కంకర తేలిన రోడ్డు మీద తిరుగుతాడు. ఫోర్కు సీళ్ళు కారితే మార్పించాడట. అప్పటినుంచీ ముందు భాగం రాయి మీద రాయి కొట్టినట్టు కొడుతోంది, సాయంత్రానికి చేతులు తిమ్మిరెక్కుతున్నాయి. మేస్త్రీ దగ్గరకి నాలుగుసార్లు పోయాడు. మేస్త్రీ అన్నీ చూసి, స్ప్రింగులు బిగుసుకున్నాయి, కొత్తవి వెయ్యాలన్నాడు. స్ప్రింగు మెత్తబడుతుంది గానీ బిగుసుకోదు కదా అని నాకు అనుమానం. కానీ నోటి అనుమానంతో ఎవరి దగ్గరా గెలవలేం.

నా దగ్గర పాత సెన్సరు ఒకటి, కొన్ని వందల రూపాయల ఆర్డుయినో బోర్డు ఒకటి ఉన్నాయి. ఈ బోర్డులు 2005లో ఇటలీలో విద్యార్థుల కోసం మొదలుపెట్టినవి. ప్లాస్టిక్ ట్యాగులతో ఫోర్కుకు కట్టి, మన హాస్టల్ వెనక చెరువుకట్ట రోడ్డు మీదే తిప్పమన్నాను. ఆ రోడ్డు మీద టైర్లకు వరుసగా మెట్లుమెట్లుగా గట్లు పడి ఉంటాయని మీకందరికీ తెలుసు.

లెక్కలు దించి గీత గీస్తే చూడవలసిందే. వాడు కూర్చున్నప్పుడు ఫోర్కు 35 మిల్లీమీటర్లు దిగి ఉంది. మొదటి గట్టుకు ముడుచుకుంది. తెరుచుకుంటూ ఉండగానే రెండో గట్టు వచ్చేసింది. పూర్తిగా తెరుచుకోకుండానే మూడోది. ప్రతి గట్టుకూ గీత ఒక్కో మెట్టు కిందికి దిగింది. ఏడెనిమిది గట్లయ్యేసరికి ఫోర్కు దాదాపు సగం ముడుచుకుని అక్కడే కూర్చుంది. మిగిలిన కాస్త నడకలో స్ప్రింగు బాగా నొక్కుకుని ఉంటుంది కాబట్టి గట్టిగా తగలక ఏమవుతుంది? చేతికి "గట్టిగా ఉంది" అని తెలుస్తుంది. ఎందుకు గట్టిగా ఉందో చేయి చెప్పలేదు. ఫోర్కు తిరిగి తెరుచుకోవడం ఆలస్యమవుతోంది, అసలు జబ్బు అది. మనిషి అనుభూతి అబద్ధం కాదు, సగం నిజం.

ఆ గీత కాగితం మీద తీసుకుని ఇద్దరం మేస్త్రీ దగ్గరకు వెళ్ళాం. ఆయన నొచ్చుకుంటాడేమోనని భయపడ్డాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, గ్రీసు వేలితో గీత వెంట నడిచి, "ఇక్కడ బండి లేవట్లేదయ్యా" అన్నాడు. నేను అర్థం చేసుకోవడానికి కంపెనీలో ఆరు నెలలు పట్టిన సంగతి అది. కాసేపు ఆగి ఆయనే చెప్పాడు. ఆ రోజు ఫోర్కు ఆయిలు దొరక్కపోతే ఇంజిను ఆయిలు పోశాడు. టీ గ్లాసుతో కొలిచి పోశాడు. కంపెనీ చెప్పే ఫోర్కు ఆయిలు పల్చన, ఇంజిను ఆయిలు చిక్కన. లోపల చిన్న రంధ్రాలలోంచి అది తొందరగా పారదు. గబుక్కున ముడుచుకునేటప్పుడూ అడ్డుపడుతుంది, తెరుచుకునేటప్పుడూ ఆలస్యం చేస్తుంది. ఆయిలు తీసి చూస్తే కుడి ఎడమ ఫోర్కులలో సమానంగా కూడా లేదు.

అంతటితో ఆగలేదాయన. గీతలో ఇంకోచోట వేలు పెట్టి, "ఇదేంటి, కదలడానికి ముందు కాసేపు పట్టేసినట్టుంది?" అని అడిగాడు. నిజంగానే చిన్న చిన్న కుదుపులకు గీత కదలకుండా బల్లపరుపుగా ఉండి, తరువాత ఒక్కసారిగా తెగింది. నేను సెన్సరు లోపమనుకుని వదిలేశాను. ఆయన ముందు చక్రం ఇరుసు వదులు చేసి, ఫోర్కును నాలుగైదుసార్లు కిందికీ పైకీ నొక్కి, రెండు కాళ్ళూ సమానంగా కూర్చున్నాక మళ్ళీ బిగించాడు. చక్రం ఎక్కించేటప్పుడు ఒక కాలు పక్కకు లాగి బిగిస్తే గొట్టాలు ఒరుసుకుంటాయట. ఆ బల్లపరుపు గీత పోయింది. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో నేర్చుకోని ముక్క ఒకటి ఆ షెడ్డులో నేర్చుకున్నాను.

సరైన ఆయిలు సరైన కొలతతో పోసి మళ్ళీ చెరువుకట్ట మీద తిప్పితే గీత మెట్లు దిగడం ఆగింది. ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. అదే రోజు టైర్లలో గాలి కూడా ఎక్కువుందని తగ్గించాను. ఒకసారికి ఒకటే మార్చాలన్నది ఈ పనిలో మొదటి నియమం. ఊరొచ్చిన హుషారులో మరిచాను. గీత మారింది ఆయిలు వల్లనే, అనుమానం లేదు. మావాడి చేతుల తిమ్మిరి మాత్రం ఆయిలు వల్ల ఎంత తగ్గిందో, గాలి వల్ల ఎంత తగ్గిందో ఈనాటికీ చెప్పలేను. పూర్తిగా పోలేదని కూడా వాడు చెప్పమన్నాడు.

పరికరం ఉంటే చాలు, అంతా తేలిపోతుందనుకునేవారికి నా కథ ఇంకోటి ఉంది. ఉద్యోగంలో చేరిన రెండో ఏట ఒక బండికి సెన్సరు కట్టి సున్నా పెట్టాను. సున్నా అంటే ఫోర్కు పూర్తిగా తెరుచుకుని, ముందు చక్రం గాలిలో వేలాడుతున్నప్పుడు పెట్టాలి. నేను సెంటర్ స్టాండు వేసి పెట్టేశాను. సెంటర్ స్టాండు వేస్తే లేచేది వెనక చక్రం, ముందు చక్రం నేల మీదే ఉంటుంది, బండి బరువుకు ఫోర్కు అప్పటికే 25 మిల్లీమీటర్లు దిగి ఉంది. రోజంతా తిప్పి చూస్తే ఫోర్కు 95 మిల్లీమీటర్లే వాడుకున్నట్టు వచ్చింది. ఉన్నది సుమారు 125. ఇంకా 30 మిగిలింది కదా, మెత్తగా చేయొచ్చని నేనే చెప్పాను. నిజానికి మిగిలింది ఐదే. ఆయిలు మట్టం తగ్గించి పంపితే, మర్నాడు గుంతలో ఫోర్కు అడుగంటి రైడరు హ్యాండిల్ మీదుగా ఎగిరిపడబోయి ఎలాగో నిలదొక్కుకున్నాడు. ఆయన దిగివచ్చి నన్ను తిట్టలేదు, సున్నా ఎక్కడ పెట్టావని అడిగాడు. ఆ ప్రశ్న ఇప్పటికీ ప్రతి ఉదయం నాకు నేను వేసుకుంటాను.

రేసుల మాట ఎత్తిన మిత్రునికి ఒక ముక్క. 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌కు మోటోజీపీ మొదటిసారి వచ్చినప్పుడు టీవీలో మీరూ చూసి ఉంటారు. రైడరు గ్యారేజీలోకి వచ్చి కూర్చుంటాడు. అరచేతులు రెండూ గాలిలో తిప్పుతూ ముందు చక్రం ఎలా జారిందో చెబుతాడు. పక్కన ఇంజనీరు లాప్‌టాప్‌లో అదే మలుపు గీతను చూస్తూ వింటాడు. ప్రపంచంలో అంత ఖరీదైన ఆ పోటీలో సస్పెన్షన్‌ను ఎలక్ట్రానిక్స్ దానంతటది సరిచేసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు. కొలవడం వరకే యంత్రం. విని, గీత చూసి, పానా పట్టుకుని తిప్పవలసింది మనిషే. మన చెరువుకట్ట మీద మేం ముగ్గురం చేసిందీ అదే. రేసు నేర్పడం నా ఉద్దేశం కాదు, ఆ గ్యారేజీలో జరిగే సంభాషణ నేర్పడం.

ఇక ఐఏఎస్ అన్న మాట. అన్నయ్యా, మన హాస్టల్ నుంచి పెద్ద అధికారులు రావాలని నాకూ ఉంది. వచ్చినవాళ్ళ ఫోటోలు హాలులో ఉన్నాయి, చూసి గర్వపడతాం. కానీ ప్రతి ఏటా పదో తరగతి అయ్యాక ఐటీఐకో, పాలిటెక్నిక్‌కో, నేరుగా షెడ్డుకో పోయే పిల్లలు ఎంతమంది? వాళ్ళ ఫోటోలు ఏ గోడ మీదా లేవు. ఏడాది తరువాత వాళ్ళు మీ బండికే పంక్చరు వేస్తారు. వాళ్ళకు మనం ఇచ్చి పంపుతున్నది ఏమిటి? "చేతిపని బాగా వస్తుంది" అన్న మెప్పు ఒక్కటే. ఆ మెప్పు ఎంత దూరం తీసుకుపోతుందో నాకు తెలుసు. నేను చేరిన కొత్తలో మీటింగులో నోరు తెరిస్తే నా ఇంగ్లీషుకు నవ్వేవారు. ఒకసారి వెనక షాకబ్జరు అడుగంటుతోందని మూడు వారాలు చెప్పాను. "నీకలా అనిపిస్తోందా?" అని ఒక పెద్ద ఇంజనీరు నవ్వి ఊరుకున్నాడు. నాలుగో వారం గీత తీసి బల్ల మీద పెట్టాను. షాకబ్జరు కదలికను చక్రం కదలికగా మార్చే లెక్క కూడా పక్కనే రాసిపెట్టాను. వెనక షాకబ్జరు ఒక అంగుళం కదిలితే చక్రం అంతకంటే ఎక్కువే కదులుతుంది, ఒకే షాకబ్జరున్న బండ్లలో సుమారు రెండు రెట్లు. ఆ రోజు నేను ఒక్క ఇంగ్లీషు వాక్యం కూడా మాట్లాడలేదు. సాయంత్రానికి డిజైను మార్చమని కాగితం పోయింది.

గీత ముందు మాట్లాడేవాడి బ్యాచ్ ఏదో, ఊరేదో, ఇంటిపేరేదో ఎవరూ అడగరు. తప్పు గీత పెట్టినా అడగరు, తప్పని చెబుతారు. ఆ సమానత్వం నాకు ఇష్టం.

పనికిరాని విలాసం అనేవాళ్ళకు కొన్ని అంకెలు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు. అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద పోయినవాళ్ళు. అవన్నీ షాకబ్జర్ల వల్ల అని ఎవరూ అనరు, నేనూ అనను. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి చేశారు, మంచిదే. కానీ ఏ బ్రేకయినా పట్టేది టైరు నేలను అంటుకుని ఉన్నప్పుడే. గతుకుల మీద టైరును నేలకు అదిమి ఉంచేది సస్పెన్షనే. సీళ్ళు కారి ఆయిలు టైరు పక్కనుంచి దిగుతున్న ఫోర్కులతో ఎన్ని బండ్లు మన బజారులో తిరుగుతున్నాయో ఈ సాయంత్రం బస్టాండు దగ్గర నిలబడి లెక్కపెట్టండి. నడుము సంగతి సరేసరి. కూర్చున్న మనిషికి కిందినుంచి పైకి వచ్చే అదురులో సెకనుకు నాలుగు నుంచి ఎనిమిదిసార్లు వచ్చేది ఎక్కువ బాధిస్తుందని అంతర్జాతీయ ప్రమాణాలు ఎప్పుడో తేల్చాయి. పాలక్యాన్లు మోసేవాళ్ళను, గ్యాస్ బండలు వేసేవాళ్ళను అడిగితే ప్రమాణాలు చదవకుండానే చెబుతారు.

కావలసింది పెద్దగా లేదు. సెన్సర్లు రెండు, బోర్డు ఒకటి, మెమరీ కార్డు, హాస్టల్లో మూలనపడ్డ కంప్యూటరు ఒకటి. కమానుకు వేసిన అంచనాలో పదో వంతు కూడా కాదు. అన్నిటికంటే ముఖ్యమైనది రెండు వందల పేజీల నోటుబుక్కు. తేదీ, టైరు గాలి, ఎక్కిన మనిషి బరువు, కూర్చుంటే బండి ఎంత దిగింది, ఏం మార్చాం, మార్చాక ఏమైంది... ఇవి రాయని వాడికి సెన్సరు ఇవ్వకూడదు. చివర్లో బండిని మొదట ఉన్నట్టే పెట్టి ఇంకోసారి తిప్పాలి. మొదటి గీతే మళ్ళీ వస్తే మిగతావి నమ్మవచ్చు, రాకపోతే ఆ రోజు కష్టం గంగపాలు. బాలికల హాస్టల్‌కు కూడా ఇదే ఏర్పాటు ఉండాలి. బండి మగపిల్లల వ్యవహారం అనే మాట ఇప్పుడు స్కూటీలన్నీ ఎవరు నడుపుతున్నారో చూసి మాట్లాడాలి.

సెన్సరు కొనేవరకు ఆగలేని తమ్ముళ్ళు రేపే ఒక పని చేయవచ్చు. ఫోర్కు గొట్టం మీద సన్నటి ప్లాస్టిక్ ట్యాగు బిగించి, కిందికి జరిపి, బండి ఒక చుట్టు తిప్పి రండి. ఫోర్కు ఎంత లోపలికి పోయిందో ట్యాగు అక్కడే నిలబడి చూపిస్తుంది. ఎప్పుడు పోయింది, ఎంత వేగంతో పోయింది, తిరిగి వచ్చిందా లేదా అన్నవి చెప్పదు. అయినా ఒక్క రూపాయికి అంతకంటే నిజం ఎక్కడ దొరుకుతుంది?

కమాను కట్టవద్దని నేను అడ్డుపడను. ఎక్కువమంది కోరితే కట్టండి, నా వంతు చందా ఇస్తాను. పలక మీద నా పేరు వదిలేసి ఆ చోటు ఖర్చు నోటుబుక్కుకు పెట్టండి. వార్షికోత్సవం రోజు ఉదయం సెన్సరు, బోర్డు తెస్తున్నాను. మేస్త్రీ గారూ వస్తానన్నారు. పెద్దన్న కూడా ఒకసారి చెరువుకట్ట మీద బండి తిప్పి, తన గీత తాను చూసుకోవాలని నా కోరిక. బండి మాత్రం ఎవరైనా తేవాలి, నాది చెన్నైలో ఉంది.